గాలిలో కాలువలు, గాలిలో వంతులు

(విజయవాడలో విద్యార్థులు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులు కలిసి కూర్చున్న ఒక సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, ముందు వరుసలు ఖాళీగా వదిలేసి వెనక గోడకు ఆనుకుని సర్దుకున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఇక్కడికి వస్తూ దారిలో బీసెంట్ రోడ్డు మలుపున ఒక పునుగుల బండి దగ్గర ఆగాను. ఇరవై రూపాయల పునుగులు పొట్లం కట్టించుకుని, బండికి అతికించిన అట్టను ఫోనుతో స్కాన్ చేశాను. మూకుడు పక్కన, అల్లం పచ్చడి గిన్నె వెనక, జిడ్డు పట్టకుండా పాలిథిన్ కవరు తొడిగిన చిన్న డబ్బా ఒకటి ఉంది. నేను ఫోను జేబులో పెట్టుకునేలోపే అది ‘ఇరవై రూపాయలు అందాయి’ అని పలికింది. బండి నడిపే ఆవిడ తలెత్తి చూడనైనా లేదు, వాయి తిప్పుకుంటూనే ఉంది. ఆ డబ్బాలోనూ ఒక సిమ్ కార్డు ఉంటుంది. నా ఫోను నుంచి బయలుదేరిన కబురు దగ్గరలోని టవరుకు చేరి, అక్కడి నుంచి ఫైబరు మీదుగా నా బ్యాంకుకూ, చెల్లింపుల వ్యవస్థకూ, ఆవిడ బ్యాంకుకూ తిరిగి, చివరికి మళ్లీ ఒక టవరెక్కి, బహుశా అదే టవరెక్కి, నాకు మూడడుగుల దూరంలో ఉన్న డబ్బాలోకి దిగింది. ఇంత ప్రయాణంలో అది గాలిలో నడిచింది మొదట కొన్ని వందల మీటర్లు, చివర కొన్ని వందల మీటర్లు మాత్రమే. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ కొన్ని వందల మీటర్ల గురించే.

టెలిఫోన్ రంగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాడిగా ఈ విషయం చాలా ఊళ్లలో చెప్పాను. బెజవాడలో చెప్పడం మరింత సులువు, ఎందుకంటే ఈ ఊరివాళ్లకు కాలువలు తెలుసు. 1855లో కట్టిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని దగ్గర మొదలయ్యే ఏలూరు, రైవస్, బందరు కాలువలు ఊరిని చీల్చుకుంటూ పోతాయి. నది ఒక్కటే, నీరు కొలత ప్రకారమే ఉంటుంది, పొలాలు మాత్రం పెరుగుతూ ఉంటాయి. నీటికి కొరత వచ్చిన ఏడాది వంతులవారీగా వదులుతారు. ఎవరి తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసేవాడు లస్కరు. ఎంత చూసినా శివారు ఆయకట్టు రైతుకు నీరందలేదన్న గోడు ఉండనే ఉంటుంది. నది అన్నచోట స్పెక్ట్రమ్, అంటే కబురు మోసే రేడియో తరంగాల పట్టీ, అనుకోండి, పొలం అన్నచోట ఫోను అనుకోండి, వైర్‌లెస్ ఇంజనీరింగులో ముప్పాతిక భాగం మీకు అర్థమైనట్టే. ఫోను మోయడానికి అనువైన తరంగాల పట్టీ చాలా ఇరుకు. అందుకే 2022లో 5జీ కోసం జరిగిన వేలంలో మన కంపెనీలు ఆ పట్టీలోని ముక్కలను సుమారు రూ.1.5 లక్షల కోట్లకు పాడుకున్నాయి.

తరాలు మారేకొద్దీ ఫోన్లు మరింత బలంగా తరంగాలను విసురుతున్నాయని చాలామంది అనుకుంటారు. జరిగింది తలకిందులు. 1990లలో వచ్చిన 900 మెగాహెర్ట్జ్ జీఎస్‌ఎం (2జీ) ఫోను తన వంతు వచ్చినప్పుడు గరిష్ఠంగా 2 వాట్లతో పలికేది. ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న 4జీ ఫోను సాధారణంగా వాటులో అయిదో వంతు దాటదు. గొంతు తగ్గించి, ఎక్కువమందిని ఒకే గాలిలో పట్టించడమే ఈ విద్య నేర్చుకున్నది. కోల్‌కతా టౌన్‌హాలులో 1895లో జగదీశ్ చంద్రబోస్ తీగ లేకుండా దూరాన గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపినప్పుడు గాలి అంతా ఆయన ఒక్కడిదే, పంచుకోవలసిన అవసరం లేదు. ఆయన పరిశోధించింది మిల్లీమీటర్లలో కొలిచే పొట్టి తరంగాల మీద. సెంటీమీటరు అటూఇటూ నిడివి ఉన్న 26 గిగాహెర్ట్జ్ తరంగాలను మన 5జీ వేలంలో అమ్మారంటే, నూట పాతికేళ్లకు పైగా గడిచాక ఆయన దారికే వచ్చామన్నమాట.

పంచుకునే ఉపాయం 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధనశాలలో కాగితం మీదికి వచ్చింది. అప్పటిదాకా ఊరి మధ్య ఒకే ఎత్తయిన యాంటెనా నిలిపి బలంగా పలికించేవారు. ఒక పౌనఃపున్యం (తరంగం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, మెగాహెర్ట్జ్‌లో కొలిచేది) మీద ఒకరు మాట్లాడుతుంటే ఊరంతటికీ ఆ దారి మూసుకుపోయేది. డగ్లస్ రింగ్ అనే ఇంజనీరు ఊరిని తేనెపట్టు గదుల్లా విడగొట్టి, ఒక్కో గదికి చిన్న యాంటెనా పెట్టి, నెమ్మదిగా పలికిస్తే ఒక గదిలో వాడిన పౌనఃపున్యాన్నే కొంత దూరంలోని మరో గదిలో మళ్లీ వాడుకోవచ్చని సూచించాడు. బెంజి సర్కిల్‌లో వాడినదాన్నే గొల్లపూడిలోనూ వాడవచ్చు, రెండూ ఒకదానికొకటి వినపడనంత నెమ్మదిగా ఉంటే చాలు. ‘సెల్’ ఫోను అన్న పేరు ఆ గదుల నుంచి వచ్చిందే. 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ కిలోకు పైబడిన ఫోను చేత్తో పట్టుకుని, పోటీ సంస్థ అయిన బెల్ ల్యాబ్స్‌లోని జోయెల్ ఎంగెల్‌కే మొదటి కాల్ చేశాడు. పోటీదారుకు ఫోన్ చేసి మరీ చెప్పుకోవడంలో ఉన్న సరదా మన కృష్ణా జిల్లావాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

మన దేశంలో 1995 జులై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కోల్‌కతా నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో సెల్ ఫోను మొదలైంది. మాట్లాడినందుకే కాక, వచ్చిన కాల్ ఎత్తినందుకు కూడా డబ్బు కట్టవలసిన రోజులవి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక కూడా మిస్డ్ కాల్ ఒక భాషగా నడిచింది. ఒక రింగంటే బయలుదేరానని, రెండంటే చేరానని అర్థం. కంపెనీకి ఒక్క పైసా చెల్లించకుండా నెట్‌వర్కును వాడుకున్న ఆ తెలివి మీద ఎవరైనా పరిశోధన చేస్తే చదవాలని ఉంది.

ఆనాటి ఫోనులో వంతులు ఎలా నడిచేవో మీలో నలభై దాటినవాళ్లు చెవులారా విన్నారు. టీవీ పక్కనో, టేప్ రికార్డరు పక్కనో సెల్ ఫోను పెడితే, కాల్ రావడానికి ఒక క్షణం ముందే స్పీకరు టకటక, టకటక, బర్ర్ మని కొట్టుకునేది. జీఎస్‌ఎంలో ఒక దారిని ఎనిమిదిమందికి పంచుతారు. ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం సెకనులో సుమారు 217వ వంతు. అందులో మీ ఫోనుకు దక్కేది ఎనిమిదో భాగం. ఆ ముక్కలో గబగబా పలికి, తక్కిన ఏడు ముక్కలు నోరు మూసుకుంటుంది. అలా సెకనుకు 217 సార్లు ఆగి ఆగి పలికిన చప్పుడే స్పీకరు తీగలో దూరి మనకు వినిపించేది. మీ మాట మాత్రం తెగినట్టు అనిపించదు, ఎందుకంటే మాటను ముందే చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, అవతల మళ్లీ అతికిస్తారు.

ఆ పొట్లాల లెక్క మన భాషకు చేసిన అన్యాయం ఒకటి చెప్పాలి. 1992 డిసెంబరు 3న ఇంగ్లండ్‌లో మొదటి ఎస్సెమ్మెస్ వెళ్లింది. ఒక సందేశానికి కేటాయించిన చోటు 140 బైట్లు, బైటుకు ఎనిమిది బిట్లు. ఇంగ్లిషు అక్షరానికి ఏడు బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు పదహారేసి బిట్లు కావాలి కాబట్టి 70 మాత్రమే పడతాయి. ఆ డెబ్బైలో ఒత్తు, గుడి, కొమ్ము అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘లక్ష్మి’ మన కంటికి రెండక్షరాలు, యంత్రానికి ఏడు. ‘నూతన సంవత్సర శుభాకాంక్షలు’ అన్న ఒక్క పలకరింపుకే ఇరవై అయిదు ఖర్చయిపోతాయి, పేరు పెట్టి, ఊరు పెట్టి, సంతకం చేసేలోపు రెండో సందేశం డబ్బులు పడతాయి. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసే అలవాటుకు మన పిల్లల నిర్లక్ష్యమే కారణమని ఉపాధ్యాయులు బాధపడుతుంటారు. అందులో సగం పాపం ఈ 140 బైట్లది. తరువాత ప్రమాణాల్లో తెలుగుకు విడిగా ఏడు బిట్ల పట్టిక చేర్చారు గానీ, అది వాడుకలో నిలదొక్కుకునేలోపే ఇంటర్నెట్ సందేశాలు వచ్చి ఎస్సెమ్మెస్‌ను ఓటీపీలకు పరిమితం చేశాయి.

3జీ గురించి ఎక్కువ చెప్పను, మన దేశంలో అది ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్లిన చుట్టం. 4జీలో మాత్రం మన లస్కరు నిజంగా టవరెక్కాడు. అందులో ఎవరికీ స్థిరమైన వంతు లేదు. టవరులోని యంత్రం ప్రతి మిల్లీసెకనుకూ, అంటే సెకనుకు వెయ్యిసార్లు, ఏ ఫోనుకు ఎన్ని తూములు తెరవాలో కొత్తగా నిర్ణయిస్తుంది. టవరు కింద నిలబడినవాడికి ఇస్తే తక్కువ సమయంలో ఎక్కువ డేటా పారుతుంది. గది అంచున, గోడల చాటున ఉన్నవాడికి ఇస్తే అదే సమయంలో చుక్క చుక్కగా పారుతుంది. లాభం చూసుకుంటే మొదటివాడికే పొయ్యాలి, ధర్మం చూసుకుంటే ఇద్దరికీ సమానంగా పొయ్యాలి. ఇంజనీర్లు మధ్యేమార్గం పట్టారు. పక్కవాడితో పోల్చకుండా, ఎవరి సగటుతో పోలిస్తే వారి పరిస్థితి ఈ క్షణంలో బాగుందో వారికి ముందు ఇస్తారు. శివారువాడికి కూడా వాడి మంచి క్షణం ఒకటి వస్తుంది, అది రాగానే తూము ఎత్తుతారు. నీటిపారుదల ఉద్యోగం చేసిన మా బాబాయికి ఇది వివరిస్తే, ‘మాకు ఆ సగటు ఎవడు లెక్కగట్టి ఇచ్చాడ్రా’ అన్నాడు.

ఇక మన కొండలు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండల నడుమ ఇరుక్కున్న ఊరు మనది. టవరు నుంచి వచ్చిన తరంగం తిన్నగా ఒకటి, కొండకు తగిలి ఒకటి, అపార్టుమెంటు గోడకు తగిలి మరొకటి, కాస్త ముందూ వెనకగా ఫోనుకు చేరతాయి. ఒకదాని ఎత్తు మరోదాని పల్లంలో పడితే రెండూ చెరిగిపోతాయి. 1800 మెగాహెర్ట్జ్ తరంగం నిడివి సుమారు 17 సెంటీమీటర్లు కాబట్టి, బెత్తెడు పక్కకు జరిగితే పోయిన సిగ్నల్ తిరిగి రావచ్చు. బాల్కనీలో ఫోను చెవిన పెట్టుకుని అటూఇటూ తిరిగేవాళ్లు తెలియకుండానే ఈ భౌతికశాస్త్రాన్ని ఆచరిస్తున్నారు. దశాబ్దాలపాటు ఇంజనీర్లు ఈ ప్రతిధ్వనులను శత్రువుల్లా చూశారు. తమిళనాడులోని పొల్లాచిలో పుట్టి, భారత నౌకాదళంలో సోనార్ (నీటి కింద శబ్దంతో వస్తువుల ఆచూకీ తీసే యంత్రం) రూపొందించి, తరువాత స్టాన్‌ఫోర్డ్ చేరిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ వాటిని పనివాళ్లను చేశారు. రెండు వైపులా ఎక్కువ యాంటెనాలు పెడితే, వేర్వేరు దారుల్లో వచ్చే తరంగాలను విడదీయవచ్చు, ఒకే పౌనఃపున్యం మీద ఒకేసారి వేర్వేరు సమాచారం పంపవచ్చు అన్నది ఆయన ఆలోచన. థామస్ కైలాత్‌తో కలిసి 1992లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 2014లో ఆయనకు మార్కోని బహుమతి వచ్చింది. మీమో అని పిలిచే ఆ పద్ధతి ఇవాళ ప్రతి 4జీ, 5జీ ఫోనులోనూ, చాలా ఇళ్లలోని వైఫై పెట్టెల్లోనూ ఉంది. 5జీ టవరు మీద కనిపించే పలక లోపల 64 యాంటెనా దారులు ఉండడం మామూలు. అవి కలిసి తరంగాన్ని టార్చిలైటులా మీ వైపు తిప్పుతాయి.

ఇక్కడ ఒక అప్రియమైన మాట. కాలనీలో టవరు వద్దని సంతకాలు పెట్టించే కాగితం మీ దగ్గరకూ వచ్చి ఉంటుంది, నా దగ్గరకూ వచ్చింది, నేను పెట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో ఈ తరంగాలను ‘మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు’ అన్న వర్గంలో చేర్చిన మాట నిజం. మన దేశం 2012 సెప్టెంబరు నుంచి టవర్ల విడుదల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించిన మాటా నిజం. అయితే టవరు ఎంత దూరమైతే మీ ఫోను అంత గట్టిగా అరవాలి, ఆ అరిచే యంత్రం ఉండేది మీ చెవి పక్కనే. తక్కువ శక్తి గల టవర్లు దగ్గర దగ్గరగా ఉండడమే మేలని నా అభిప్రాయం.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా మేనకోడలు రెండో అంతస్తులో చిక్కుకుపోయింది. కరెంటు లేదు. ఫోను ఆపేసి, గంటకోసారి రెండు నిమిషాలు వెలిగించి, మాకు ఒక్క సందేశం పంపి మళ్లీ ఆపేసేది. ఆ పిల్ల చేసింది సరైన పని. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు ఫోను టవరు కోసం వెతుక్కుంటూ బ్యాటరీని తినేస్తుంది. టవరు కూడా కరెంటు పోతే బ్యాటరీల మీద, ఆ తరువాత డీజిల్ మీద బతకాల్సిందే. అలాంటి వేళ లక్షమందికి విడివిడిగా సందేశాలు పంపితే లక్ష వంతులు కావాలి, దారి మూసుకుపోతుంది. 2023లో మీ ఫోన్లన్నీ ఉన్నట్టుండి సైరన్‌లా మోగి, పరీక్ష సందేశమని చూపించిన సంగతి గుర్తుండే ఉంటుంది. అది సెల్ బ్రాడ్‌కాస్ట్, మన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారుచేసిన వ్యవస్థ. దానికి మీ నంబరు అక్కరలేదు. దండోరా వేసినట్టు టవరు ఒక్కసారి పలుకుతుంది, ఆ గదిలో ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి వింటాయి. వేయిమందికైనా లక్షమందికైనా పట్టే వంతు ఒక్కటే. 5జీ వేగం గురించి ప్రకటనలు చెప్పేదానికంటే, దసరాకు దుర్గమ్మ కొండ కింద క్యూలో తప్పిపోయిన పిల్లవాడి ఫొటో, వరద రాత్రి వచ్చే హెచ్చరిక ఎంతమందికి ఒకేసారి చేరతాయన్నదే నాకు పెద్ద కొలత.

ప్రశ్నలకు ముందు ఒక చిన్న పని చేద్దాం. మీ ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ తెరవండి. సిగ్నల్ బలం మైనస్ గుర్తుతో ఒక అంకెగా కనిపిస్తుంది. మైనస్ 80 ఉంటే హాయి, మైనస్ 110 ఉంటే శివారు. మధ్యలో ప్రతి పది అంకెలకూ బలం పది రెట్లు పడిపోతుంది. మైనస్ 100 అంటే వాటులో 10 లక్షల కోట్లవ వంతు. అంత సన్నని గుసగుసలోంచే మీ ఫోను ఇప్పుడు పాట వినిపిస్తుంది. వెనక గోడకు ఆనుకున్నవాళ్లు ఆ అంకె చూసుకుని, కిటికీ దాకా నడిచి, మళ్లీ చూసుకుని, రెండు అంకెలూ గట్టిగా చదవండి. ఎలాగూ లేచారు కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు ముందు వరుసల్లో కూర్చోండి.