ఇంట్లో ఎస్ప్రెస్సోకి ఏ గ్రైండర్? ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంట్లో ఎస్ప్రెస్సో, అంటే ఒత్తిడితో నీళ్ళు పంపి తీసే చిక్కటి కాఫీ, చేసుకునేవాళ్ళు గింజలు పట్టడానికి ఎలాంటి గ్రైండర్ కొనాలి అన్నది ఈరోజు విషయం. కాఫీ నిపుణురాలు మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ విజయవాడ నుంచి, చెప్పండి.

విజయవాడ శ్రోత: నమస్తే మేడమ్. ఈమధ్యే మెషీన్ కొన్నాను. ఇంట్లో మంచి మిక్సీ ఉంది. చిన్న జార్‌లో గింజలు పట్టుకుంటే సరిపోదా?

నిపుణురాలు: సరిపోదండి. మిక్సీ బ్లేడు గింజని అడ్డదిడ్డంగా నరుకుతుంది. సగం మైదాలా, సగం ఉప్మారవ్వలా వస్తుంది. ఎస్ప్రెస్సోలో నీళ్ళు దాదాపు 9 బార్ల ఒత్తిడితో దిగుతాయి. రవ్వ ఉన్నచోట దారి దొరికి దూసుకుపోతాయి, మైదా ఉన్నచోట అడ్డుపడతాయి. అందుకే ఒకే గుక్కలో పులుపూ చేదూ రెండూ తగులుతాయి. మనకి కావలసింది తిరగలి లాంటిది. బర్ గ్రైండర్ అంటే అదే. పళ్ళున్న రెండు చక్రాలు ఉంటాయి, వాటి మధ్య సందు ఎంత పెడితే పొడి అంత సన్నం.

విజయవాడ శ్రోత: మెషీన్‌కే చాలా అయిపోయిందండి...

నిపుణురాలు: అందుకే అందరికీ చెప్పేది, మెషీన్ కంటే ముందు గ్రైండర్ చూసుకోండని. సరే, ఒక పని చేయండి. మెషీన్‌లో పొడి వేసే బాస్కెట్ తీసి బోర్లించి చూడండి. అడుగున ఒక్కటే సన్న చిల్లు ఉంటే అది ప్రెషరైజ్డ్ బాస్కెట్. దానికి పొడి కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది, మామూలు బర్ గ్రైండర్ చాలు. అడుగంతా చిల్లులే ఉంటే మాత్రం ఎస్ప్రెస్సో కోసం చేసిందే తీసుకోవాలి.

వ్యాఖ్యాత: థాంక్యూ అండి. విశాఖపట్నం నుంచి కాల్.

విశాఖ శ్రోత: నమస్కారం అమ్మా. నేను రిటైరయ్యాను. మాకు నలభై ఏళ్ళుగా ఇత్తడి ఫిల్టరే. డికాక్షన్ రాత్రే వేసి పెట్టుకుంటే పొద్దున్నకి... అయితే మా అబ్బాయి డల్లస్‌లో ఉంటాడు, వాడొచ్చినప్పుడు ఈ మెషీన్ పెట్టించాడు. చేత్తో తిప్పే గ్రైండర్ కూడా ఇక్కడే ఒకటి కొన్నాడు. అరకు గింజలు వాడుతున్నాను. పొడి సన్నం మార్చే చక్రం ఎనిమిదో క్లిక్‌లో పెడితే చుక్కలు చుక్కలుగా పడి నిమిషం దాటుతోంది. తొమ్మిదో క్లిక్‌లో పెడితే కుళాయి తిప్పినట్టే. పొడిని అదిమే ట్యాంపర్ ఎంత గట్టిగా నొక్కినా ఆగట్లేదు.

నిపుణురాలు: గింజలు ఎన్ని గ్రాములు వేస్తున్నారండీ?

విశాఖ శ్రోత: చెంచాతో వేస్తానమ్మా. రెండు నిండుగా, ఒకటి సగం.

నిపుణురాలు: అది కుదరదండి. ముందు 0.1 గ్రాము చూపించే త్రాసు తెచ్చుకోండి. 18 గ్రాముల పొడి, కప్పులోకి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లు. ఇది మొదలుపెట్టడానికి లెక్క. తూచకపోతే తప్పు గ్రైండర్‌దో మీదో తేలదు. గింజల ప్యాకెట్ మీద వేయించిన తేదీ ఉందా?

విశాఖ శ్రోత: ఎగ్జిబిషన్‌లో కొన్నాను. తేదీ... ఎక్స్‌పైరీ ఉంది.

నిపుణురాలు: కావలసింది ఎక్స్‌పైరీ కాదండి, వేయించిన తేదీ. పాతబడిన గింజలో గ్యాస్ పోతుంది, పొడి నీళ్ళకి ఎదురు నిలవదు. అప్పుడు ఎంత సన్నం చేసినా కాఫీ జారిపోతుంది. వేయించాక ఓ వారం, పది రోజులు ఆగి, నెలా నెలన్నరలోపు వాడేయండి. అయితే మీ అసలు ఇబ్బంది క్లిక్కులది. చవక చేతి గ్రైండర్లలో ఒక్కో క్లిక్‌కి బర్ సుమారు 80 మైక్రాన్లు కదులుతుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఫిల్టర్ కాఫీకి అది బాగానే పనికొస్తుంది. ఎస్ప్రెస్సోకి మాత్రం అది ఒక్క అడుగు కాదు, గెంతు. మీకు కావలసింది ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్యలో ఉంది, అక్కడ మీ గ్రైండర్‌కి మెట్టు లేదు.

విశాఖ శ్రోత: అయితే తొమ్మిదిలోనే ఉంచి ట్యాంపర్ ఇంకా గట్టిగా నొక్కితే?

నిపుణురాలు: లాభం లేదండి. పొడి ఒకసారి బిగుసుకున్నాక, మీరు పైన ఎంత బరువు వేసినా పెద్ద తేడా రాదు. సమంగా నొక్కడమే ముఖ్యం. ప్రస్తుతానికి ఇలా చేయండి. తొమ్మిదిలోనే ఉంచి పొడి అర గ్రాము, ఆపైన ఒక గ్రాము పెంచి చూడండి. పొడి ఎక్కువైతే నీళ్ళకి అడ్డు పెరుగుతుంది. పొడి మెషీన్ జాలీకి తగులుతుంటే మాత్రం ఆపేయండి. లేదా ఎనిమిదిలో ఉంచి 16.5కి తగ్గించండి. ఇది కొన్నాళ్ళ సర్దుబాటే.

విశాఖ శ్రోత: మరి కొత్తది కొనాలంటే? అబ్బాయి అక్కడినుంచి ఎలక్ట్రిక్‌ది తెస్తానంటున్నాడు. అక్కడ చవకట.

నిపుణురాలు: వద్దండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన ప్లగ్గులో 230, 50 హెర్ట్జ్. నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా అది వోల్టేజీనే దించుతుంది, హెర్ట్జ్ మార్చదు. ఇండక్షన్ మోటారైతే వేగం తగ్గి వేడెక్కుతుంది. అడుగున లేబుల్ మీద 100–240 వోల్టులు అని ఉంటేనే తెమ్మనండి. అంతకంటే మంచి చేతి గ్రైండర్ తెమ్మనండి, దానికి కరెంటు గొడవే లేదు. కింగ్‌రైండర్ కే6 క్లిక్‌కి 16 మైక్రాన్లు. 1జెడ్‌ప్రెస్సో జే-అల్ట్రా 8 మైక్రాన్లు. రెండింటికీ 48 మిల్లీమీటర్ల బర్ ఉంటుంది. మీ 80 పక్కన పెట్టి చూసుకోండి.

విశాఖ శ్రోత: చేత్తో తిప్పడం... నాకు భుజం నొప్పమ్మా.

నిపుణురాలు: ఇంట్లో పొద్దున్నే ఎంతమంది తాగుతారండీ?

విశాఖ శ్రోత: నేనూ మా ఆవిడా. ఎవరైనా వస్తే నలుగురం.

నిపుణురాలు: ఇద్దరికైతే 18 గ్రాములు ఒక్కసారి పడితే చాలు, రెండు కప్పుల్లోకి పంచుకోవచ్చు. నిమిషం, నిమిషంన్నర తిప్పాలి. గింజ లేత వేయింపైతే గట్టిగా ఉంటుంది, భుజానికి కష్టమే. మధ్యస్థంగా వేయించినవి తీసుకోండి. నొప్పి బాగా ఉంటే బలవంతంగా చేతిది కొనకండి, ఇక్కడే 230 వోల్టుల ఎలక్ట్రిక్‌ది వారంటీతో తీసుకోండి.

విశాఖ శ్రోత: సరేనమ్మా. అయితే ఈలోపు ట్యాంపర్ మాత్రం గట్టిగా...

నిపుణురాలు: (నవ్వుతూ) ట్యాంపర్ వదిలేయండి బాబాయ్‌గారూ. త్రాసు కొనండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. హైదరాబాద్ కాలర్.

హైదరాబాద్ శ్రోత: చదునైన చక్రాల ఫ్లాట్ బర్ కొనాలా, శంకువులాంటి కోనికల్ కొనాలా మేడమ్? డీఎఫ్54 అనే గ్రైండర్ చూస్తున్నా.

నిపుణురాలు: పాలు పోసుకుని తాగుతారా, ఉత్తదా?

హైదరాబాద్ శ్రోత: పాలతోనే.

నిపుణురాలు: అయితే ఆకారం గురించి బెంగ పెట్టుకోకండి. పాలలో ఆ తేడా చాలామటుకు కలిసిపోతుంది. సందు ఎంత సన్నగా మార్చుకోగలం, బర్లు ఒకదానికొకటి సమంగా కూర్చున్నాయా, అవి చూడాలి. మీరు చెప్పింది 54 మిల్లీమీటర్ల ఫ్లాట్, క్లిక్కులు లేకుండా జరుగుతుంది. ఎస్ప్రెస్సోకి బాగుంటుంది. ఒక్క మాట. సన్నానికి తిప్పేటప్పుడు మోటారు నడుస్తుండగానే తిప్పండి. ఆగి ఉన్నప్పుడు తిప్పితే మధ్యలో గింజ ముక్కలు ఇరుక్కుని జామ్ అవుతుంది.

వ్యాఖ్యాత: హన్మకొండ నుంచి.

హన్మకొండ శ్రోత: మేడం, మా ఇంట్ల మా అమ్మకు ఫిల్టర్ కాఫీ, నాకు ఎస్ప్రెస్సో. రెండిటికీ ఒక్కటే గ్రైండర్ నడుస్తదా?

నిపుణురాలు: నడుస్తుంది, మార్కులు గుర్తుపెట్టుకునే ఓపిక ఉంటే. ఎలక్ట్రిక్‌లో బరాట్జా ఎన్‌కోర్ ఈఎస్‌పీ సరిగ్గా ఇలాంటి ఇళ్ళకే. 1 నుంచి 20 దాకా ఎస్ప్రెస్సోకి చిన్న చిన్న మెట్లు, 21 నుంచి 40 దాకా మిగతావాటికి పెద్ద మెట్లు. చేతి గ్రైండరైతే ముందు సున్నా కనుక్కోండి. ఖాళీగా ఉంచి, హ్యాండిల్ కదలనంత వరకూ బిగించండి, బలం మాత్రం పెట్టొద్దు. అక్కడినుంచి క్లిక్కులు లెక్కపెట్టి అమ్మగారిదొకటి, మీదొకటి కాగితం మీద రాసి గ్రైండర్ పక్కన అంటించండి. అమ్మగారి పొడి అయ్యాక మీది పట్టేటప్పుడు, మొదటి రెండు గ్రాములు పక్కన పెట్టేయండి. అందులో పాత బరక కలిసి ఉంటుంది. మరి అమ్మగారు చికోరీ కలిపిన పొడి తాగుతారా?

హన్మకొండ శ్రోత: అవును మేడం, పొడి ప్యాకెట్ల వస్తది. అది మెషీన్ల...

నిపుణురాలు: వెయ్యకండి! చికోరీ నీళ్ళలో కరిగి జిగురవుతుంది. బాస్కెట్ చిల్లులు మూసుకుపోతాయి. అది ఫిల్టర్‌కే.

వ్యాఖ్యాత: తిరుపతి.

తిరుపతి శ్రోత: గ్రైండర్ శుభ్రం చేయడానికి బియ్యం వేయొచ్చా? మిక్సీకి అలాగే చేస్తాం.

నిపుణురాలు: వద్దు. పచ్చి బియ్యం కాఫీ గింజ కన్నా గట్టి, మోటారు మీద భారం పడుతుంది. పైగా పిండి లోపల అంటుకుపోతుంది. నీళ్ళతో కడగొద్దు, ఉక్కు బర్ తుప్పు పడుతుంది. ప్లగ్ తీసి, పై బర్ విప్పి, పొడి బ్రష్‌తో దులపండి. రోజూ వాడేవాళ్ళు రెండు మూడు వారాలకొకసారి. బాగా నల్లగా నూనె కారేలా వేయించిన గింజలైతే ఇంకా తొందరగా.

వ్యాఖ్యాత: ఇక చివరి కాల్, నెల్లూరు. త్వరగా అడగాలి.

నెల్లూరు శ్రోత: పొడంతా గ్రైండర్ గోడలకి అతుక్కుంటోందండీ, కౌంటర్ మీద కూడా...

నిపుణురాలు: అది స్టాటిక్, రాపిడికి పుట్టే విద్యుత్తు. తూచిన గింజల మీద ఒక్క చుక్క నీళ్ళు, చెంచా కాడతో కలిపి, అప్పుడు పట్టండి. గింజ తడిసినట్టు కనపడకూడదు. హాపర్, అంటే పైనుండే గింజల డబ్బా, నిండా గింజలు పోసి ఉంచే గ్రైండరైతే మాత్రం ఇది చేయొద్దు, లోపల...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది మేడమ్. ధన్యవాదాలు. లైన్లో ఉన్నవాళ్ళు క్షమించాలి.