ఒకే బోరు, రెండు రంగులు

అందరికీ నమస్కారం. ఇంట్లో తొట్టిలో చేపలు పెంచే మనం నీళ్ల పీహెచ్‌ను, అంటే నీళ్లు ఎంత ఆమ్లంగా, ఎంత క్షారంగా ఉన్నాయో చెప్పే అంకెను, ఎలా చూసుకోవాలో చెబుతాను. ముందు ఈ బల్ల మీదున్న రెండు టెస్ట్ ట్యూబులు చూడండి. రెండింట్లోనూ ఉన్నవి కావలిలో మా ఇంటి బోరు నీళ్లే. ఎడమ దాంట్లోవి ఇందాక బయలుదేరేటప్పుడు మోటారు వేసి, సీసా నిండా పట్టి, మూత బిగించి తెచ్చినవి. కుడి దాంట్లోవి నిన్న పొద్దున బకెట్‌లో పట్టి, ఎయిర్ పంపు పెట్టి రాత్రంతా వదిలేసినవి. అక్వేరియం షాపుల్లో అమ్మే పీహెచ్ మందు రెండింట్లోనూ మూడేసి చుక్కలు వేస్తున్నాను. ఎడమది ఆకుపచ్చగా మారింది, అంటే 7 దగ్గర. కుడిది ముదురు నీలం. డబ్బా మీద రంగుల కార్డు చూస్తే 7.6.

భూమి లోపలి నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ బాగా కరిగి ఉంటుంది. అది ఉన్నంతసేపూ పీహెచ్ తక్కువగా కనిపిస్తుంది. గాలి తగిలేకొద్దీ ఆ వాయువు పోయి పీహెచ్ పైకి లేస్తుంది. మీ చేపలు ఉండబోయేది ఈ నీలం రంగు నీళ్లలో. అందుకే ఒక రోజు ఆగి చూడండి. ఇంకో సంగతి, ఈ మందు 7.6తో ఆగిపోతుంది. నీళ్లు 8.4 ఉన్నా ఇదే నీలం చూపిస్తుంది. మన బోర్లకు హై రేంజ్ మందే కొనాలి.

రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేయడం నా ఉద్యోగం. ల్యాబ్‌కి వచ్చే రైతు పీహెచ్ ఎంత అని అడిగి ఊరుకోడు, ఆల్కలినిటీ ఎంతండీ అని వెంటనే అడుగుతాడు. ఆల్కలినిటీ అంటే ఆమ్లం పడినా తట్టుకునే శక్తి నీళ్లకు ఎంత ఉందో చెప్పే కొలత. తొట్టిలో చేపలు పెంచే మనం మాత్రం ఆ రెండో ప్రశ్న అడగం. గిన్నె అడుగున, గీజర్ కాయిల్ మీద తెల్లగా పెచ్చు కడుతుందే, అందులో చాలా భాగం నీళ్లలోని బైకార్బొనేట్ల వల్ల వచ్చిందే. పీహెచ్‌ను కదలకుండా పట్టి ఉంచేది ఆ బైకార్బొనేట్లే. అవి దండిగా ఉన్న నీళ్లలో నిమ్మరసం పిండినా, పీహెచ్ తగ్గించే మందు పోసినా ఆ పూటకు తగ్గి, మర్నాటికి మళ్లీ పెరుగుతుంది. మనం మళ్లీ పోస్తాం. అలా పోసి పోసి ఆల్కలినిటీ అయిపోయిన రోజున పీహెచ్ ఒక్కసారిగా కూలిపోతుంది. చేపను చంపేది ఈ ఎగుడుదిగుడులే. 8 దగ్గర నిలకడగా ఉన్న నీళ్లలో చాలా చేపలు హాయిగా బతుకుతాయి.

ఇది నేను కష్టం మీద నేర్చుకున్నాను. మా పాప కోసం 60 లీటర్ల తొట్టి కొని, శుభ్రంగా ఉంటాయని ఆర్వో నీళ్లు పోసి మోలీలు పెంచాను. ఆర్వో నీళ్లలో బైకార్బొనేట్లు దాదాపు ఉండవు. పైగా చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఉన్న కొద్దిపాటి ఆల్కలినిటీనీ వాడేసుకుంటుంది. నెలలు గడిచేసరికి పీహెచ్ 6 కిందికి జారింది, ఆ బ్యాక్టీరియా పని మందగించింది, అమ్మోనియా పేరుకుపోయింది. ఆమ్ల నీటిలో అది దాదాపు అంతా విషం కాని అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి చేపలు తిరుగుతూనే ఉన్నాయి. ఒక ఆదివారం తొట్టి కడుగుదామని ముప్పాతిక నీళ్లు తీసేసి బోరు నీళ్లు నింపాను. సాయంత్రానికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నాలుగు చచ్చిపోయాయి. ఆ రాత్రి మా పాప అన్నం తినలేదు.

బోరు నీళ్లతో పీహెచ్ ఒక్కసారిగా పెరిగి, ఆ అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారింది. లెక్క చూడండి. నీళ్లు 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు, మొత్తం అమ్మోనియాలో విషంగా ఉండే భాగం పీహెచ్ 7 దగ్గర సుమారు అర శాతం. 8 దగ్గర 5 శాతం. 9 దగ్గర మూడో వంతు పైనే. నీళ్లు వేడెక్కేకొద్దీ ఇంకా పెరుగుతుంది, మన మే నెల ఎండలు మీకు తెలిసినవే. చెరువుల దగ్గర రోజూ చెప్పే మాటే ఇది, ఇంట్లో తొట్టి ముందు నాకు తట్టలేదు. పాతబడిన తొట్టి నీళ్లు మార్చాలంటే రోజుకు పదో వంతు చొప్పున మార్చండి. బాగున్న తొట్టికి వారానికి పావు వంతు చాలు.

గప్పీలు, మోలీలు, ప్లాటీలు మన బోరు నీళ్లకు సరిగ్గా సరిపోయే చేపలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వీటితోనే మొదలుపెట్టండి. నియాన్ టెట్రా, డిస్కస్ లాంటివి అమెజాన్ ప్రాంతపు మెత్తటి నీళ్ల, అంటే లవణాలు తక్కువగా ఉన్న నీళ్ల చేపలు. అవే కావాలంటే ఆర్వో నీళ్లూ బోరు నీళ్లూ కలుపుకోండి, ప్రతిసారీ ఒకే పాళ్లలో. ఎండు బాదం ఆకు వేస్తే పీహెచ్ తగ్గుతుందంటారు. మెత్తటి నీళ్లలో కొంత తగ్గుతుంది, మన బోరు నీళ్లలో రంగు తప్ప పెద్దగా ఏమీ మారదు. మైపాడు బీచ్‌లో ఏరుకొచ్చిన ఆల్చిప్పలు ఆమ్ల నీటిలో మెల్లగా కరిగి పీహెచ్ పెంచుతాయి, కాబట్టి డిస్కస్ తొట్టిలో వద్దు. ఆల్కలినిటీ పడిపోయిన తొట్టికి వంటసోడా పనికొస్తుంది. 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే ఆల్కలినిటీ ఉన్నదాని మీద సుమారు 18 పీపీఎం (లీటరుకు 18 మిల్లీగ్రాములు) పెరుగుతుంది. విడిగా కరిగించి, రోజుకు కొంచెం చొప్పున పోయండి.

వచ్చే ఆదివారం కిట్ తీసుకుని ఇక్కడే ఉంటాను. ఎవరి తొట్టి నీళ్లు వారు తెండి, పీహెచ్, ఆల్కలినిటీ రెండూ చూసి చెబుతాను. సీసా మాత్రం పైదాకా, గాలి బుడగ లేకుండా నింపి మూత పెట్టండి.