రక్తం తక్కువైందన్నారా? రిపోర్టులో ఆ రెండో అంకె కూడా చూడండి

నమస్కారం అండీ. ఇంట్లో ఆడపిల్ల కాస్త నీరసంగా కనిపిస్తే చాలు, "రక్తం తక్కువైనట్టుంది, బీట్‌రూట్ రసం తాగించు" అనేస్తాం. నేను ల్యాబ్‌లో రోజంతా మైక్రోస్కోపు ముందు కూర్చునే మనిషిని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒకటే అడగాలనిపిస్తుంది: ఎందుకు తక్కువైంది?

అసలు రక్తం ఎక్కడ పుడుతుంది? గుండెలో అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాదండీ, ఎముకల లోపలి మూలుగలో. పెద్దవాళ్లకైతే ఎక్కువగా వెన్నుపూసల్లో, తుంటి ఎముకలో, రొమ్ము ఎముకలో. అక్కడ సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్రకణాలు తయారవుతాయి. తయారు చెయ్యమని కబురు పంపేది మాత్రం కిడ్నీలు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు రక్తం పడిపోయేది అందుకే.

ఒక్కో ఎర్రకణం 120 రోజులు తిరుగుతుంది. ముసలిదయ్యాక పొట్టలో ఎడమవైపున ఉండే ప్లీహం దాన్ని విరగ్గొట్టి, లోపలి ఇనుమును మళ్లీ మూలుగకే చేరుస్తుంది. ఇక్కడ ఒక లెక్క చెప్తాను, జాగ్రత్తగా వినండి. మూలుగకు రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మనం తిన్నదాంట్లోంచి ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగతాదంతా పాత ఇనుమే, తిరిగి వాడుకుంటున్నది. కాబట్టి రక్తం బయటికి పోయిందంటే ఆ పాత నిల్వే పోయినట్టు. నెలసరిలో 80 మిల్లీలీటర్లు పోతే దాదాపు 40 మిల్లీగ్రాముల ఇనుము పోయినట్టే. నెలంతా తిని కూడబెట్టింది నాలుగు రోజుల్లో పోతుంది. "మా అమ్మాయి బాగానే తింటుందండీ, అయినా రక్తం పట్టట్లేదు" అనే తల్లులకు జవాబు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. నెలసరి ఎలా అవుతోందో అడగండి. సిగ్గుపడి దాచే విషయం కాదు ఇది.

ఇప్పుడు మీ సీబీసీ రిపోర్టు, అంటే రక్తకణాల లెక్క చెప్పే మామూలు రక్తపరీక్ష కాగితం, చేతిలోకి తీసుకోండి. అందరూ హిమోగ్లోబిన్ చూసి మడిచేస్తారు. ఆడవాళ్లకు 12 కన్నా, గర్భిణులకు 11 కన్నా, మగవాళ్లకు 13 కన్నా తగ్గితే రక్తహీనత. సరే. ఆ కిందే ఎంసీవీ అని ఇంకో గీత ఉంటుంది. ఎర్రకణం ఎంత పెద్దదో చెప్పే అంకె అది. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉండాలి.

80 కన్నా తగ్గితే మొదటి అనుమానం ఇనుము మీదే. స్లయిడ్ మీద ఆ కణాలు చిన్నగా, నడుమ వెలవెలబోయి, అంచున సన్నటి ఎర్ర గీతతో ఉంగరాల్లా కనిపిస్తాయి. ఇలా ఇనుము తక్కువైన పిల్లల్లో కొందరు బలపాలు తింటుంటారు. పచ్చి బియ్యం, మట్టి, ఐసు ముక్కలు నములుతుంటారు. దయచేసి వాళ్లను కొట్టకండి, పరీక్ష చేయించండి. కణాలు చిన్నవైనా ఇనుము నిల్వలు బాగానే ఉన్నాయంటే తల్లిదండ్రుల నుంచి పుట్టుకతోనే వచ్చే తలసీమియా అనే రక్తదోషమేమో చూడాలి. అందుకే ఇనుము నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా అడుగుతారు.

100 దాటిందా? అప్పుడు విటమిన్ బి12, ఫోలిక్ యాసిడ్ వైపు చూడాలి. పాలు, గుడ్లు, మాంసం ఏవీ ముట్టనివాళ్లకు బి12 దొరికే దారే తక్కువ. అరికాళ్లు తిమ్మిర్లెక్కుతుంటే ఒట్టి ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకుని ఊరుకోకూడదు. రక్తం మెరుగైనట్టే ఉంటుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూ ఉంటాయి. ఫోలిక్ యాసిడ్ అంటే మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. తిన్నది ఒంటికి పట్టనివ్వని స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన అన్నదమ్ములను బలి తీసుకుంది. ఆయన నాయకత్వంలోనే 1945లో అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేశారు. గర్భిణులు మింగే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే.

ఆ మాత్ర గురించి రెండు మాటలు. టీతో, కాఫీతో, కాల్షియం బిళ్లతో కలిపి వేసుకోవద్దు. నిమ్మరసంతో అయితే మేలు. విరేచనం నల్లగా వస్తుంది, భయపడకండి. అంకె 12 కాగానే ఆపేయకండి, నిల్వలు నిండాలంటే డాక్టరు గారు చెప్పినట్టు ఇంకో మూడు నెలలు వాడాలి. అరవై ఏళ్ల మగమనిషికి ఇనుము తగ్గిందంటే మాత్రం మాత్రలతో సరిపెట్టకండి. కడుపులోనో పేగులోనో రక్తం కారుతోందేమో చూడమని అడగండి.

మందు సరిగ్గా పడితే వారం, పది రోజుల్లో స్లయిడ్ మీద కొత్త కణాలు కనిపిస్తాయి. పాతవాటికన్నా కాస్త పెద్దగా, లేత నీలి ఛాయతో ఉంటాయి. హిమోగ్లోబిన్ అంకె ఇంకా పెద్దగా మారి ఉండదు, మనిషి ఇంకా నీరసంగానే ఉంటారు. కానీ ఆ నీలి కణాలు కనబడ్డాయంటే మూలుగ పని మొదలుపెట్టిందని నాకు తెలిసిపోతుంది.