పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి: దుఃఖానికి మెట్లు లేవు

నమస్కారం. ఇంట్లో ఒక చావు జరిగిన పదిహేను రోజులకల్లా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక రంగుల బొమ్మ తిరగడం మొదలవుతుంది. అందులో దుఃఖానికి అయిదు మెట్లు గీసి ఉంటాయి: నమ్మకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోలు. ఆ బొమ్మ చూసి వచ్చిన పరామర్శకులు భర్తను పోగొట్టుకున్న మనిషి ఎదుట కూర్చుని, ఆమె ఇప్పుడు ఎన్నో మెట్టు మీద ఉందో లెక్క కడతారు. నేను ఈ వీడియో చేస్తున్నది ఆ చిరాకుతోనే.

(తెరపై: 1969)

ఆ అయిదు దశలు స్విట్జర్లాండులో పుట్టి అమెరికాలో పనిచేసిన మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో వెలువరించిన పుస్తకం నుంచి వచ్చాయి. ఆ పుస్తకం కోసం ఆమె షికాగోలో మాట్లాడింది నయం కాని జబ్బుతో మంచం పట్టి, తమ చావు దగ్గరపడిందని తెలిసిన రోగులతో. అంటే అవి మొదట పోబోతున్నవారి మనసును గురించిన మాటలు. వాటిని మిగిలిపోయినవారికి తగిలించడం తర్వాతి పని. అందరూ అదే వరుసలో నడవాలన్న నియమం ఏదీ లేదని ఆమే తరువాత చెప్పుకోవలసి వచ్చింది. కానీ ఆ వివరణ ఏ గ్రూపులోనూ తిరగదు.

మా మేనత్త సంగతి చెబుతాను. ఆమె శ్రీకాకుళం వైపు నుంచి ఒడిశాలోని పర్లాకిమిడికి కోడలుగా వచ్చింది. తెలుగు చక్కగా చదువుతుంది, ఒడియా మాట్లాడుతుంది, కానీ ఒడియా అక్షరాలు రావు. ఇంటికి వచ్చే ప్రతి కాగితాన్నీ మామయ్యే చదివేవాడు. ఆయన పోయాక చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి కనుక, పెద్దకర్మ ముగిసీ ముగియకముందే ఆమె ముందుకు ఒడియా ఫారాలు వచ్చిపడ్డాయి. ఆమె ఫారం మీద వేలు పెట్టి, "ఇక్కడేటి రాసుంది?" అని నన్నడిగి, పేరు దగ్గర ఆగి, ఆ వేలు అక్కడే ఉంచి ఏడ్చింది, కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఎన్ని ప్రతులు జిరాక్సు తీయించాలో లెక్క వేసింది. నాలుగో నెలలో ఒక పెళ్లికి వెళ్లి అందరితో కలిసి నవ్వింది. మర్నాడు పొద్దున్న గుమ్మంలో కూలబడి, "నిన్న బాగానే ఉన్నాను కదరా, ఇయ్యాల మళ్లీ ఇలగైపోనానేటి?" అంది. మెట్ల బొమ్మ చేసే హాని నాకు ఆ మాటలోనే కనబడింది, ఎందుకంటే ఆమె తన ఏడుపును ఏడుపుగా కాక, పరీక్ష తప్పడంగా లెక్క వేసుకుంటోంది.

(తెరపై: రెండు ఊళ్లు, మధ్య ఒక గీత)

నెదర్లాండ్స్‌లో పనిచేసిన మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో మరో నమూనాను ప్రతిపాదించారు. దాని ప్రకారం ఆప్తులను పోగొట్టుకున్న మనిషికి రెండు వైపులు ఉంటాయి: ఒకటి పోయినవారిని తలచుకుని బాధపడే వైపు, రెండోది వారు లేని బతుకును సర్దుకునే వైపు, అంటే బిల్లులు, ఫారాలు, కొత్త పనులు, పెళ్లిళ్లు. మనసు ఈ రెంటి మధ్య అటూ ఇటూ తిరుగుతుంది, తిరగడమే దాని ఆరోగ్యం.

మన వైపు వారికి దీన్ని ఇంతకంటే విడమరచి చెప్పనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అందులోకి వెళ్లింది, పక్కనే ఉన్న, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నం అప్పటి మద్రాసు వైపే ఉండిపోయింది. నాటి నుంచి మనం పొద్దున్న ఆ సరిహద్దు గీత దాటి పాతపట్నంలోని నీలమణి దుర్గమ్మను చూసుకుని, మధ్యాహ్నానికి తిరిగి వస్తూనే ఉన్నాం. సాయంత్రం మరో పని పడితే మళ్లీ వెళతాం. పర్లాకిమిడికి తిరిగి వచ్చినవాణ్ణి పట్టుకుని "అయ్యో, వెనక్కి జారిపోయావే" అని ఎవరూ అనరు. బాధపడే వైపు పర్లాకిమిడి, సర్దుకునే వైపు పాతపట్నం అనుకుంటే, పెళ్లిలో నవ్విననాడు అత్త పాతపట్నంలో ఉంది, మర్నాడు పర్లాకిమిడిలో ఉంది, అంతే. కొన్నిసార్లయితే ఆటో సరిగ్గా గీత మీదే ఆగుతుంది: మామయ్య సెల్‌ఫోనుకు అత్త ఇప్పటికీ రీచార్జి చేయిస్తోంది. గ్యాస్ సిలిండరు తెచ్చిన కుర్రాడు అడిగే కోడు ఆ నంబరుకే వస్తుంది కనుక అది సర్దుబాటు. ఆ కోడు చూడడానికి తెర వెలిగించినప్పుడల్లా ఆయన పెట్టుకున్న ఫొటో కనబడుతుంది కనుక అది దుఃఖం. ఆ నంబరు తీసేయించి గ్యాస్ కనెక్షను తన పేరుకు మార్పించుకోమని సలహా ఇచ్చిన తెలివైనవారిలో నేనూ ఒకణ్ణి.

పోయినవారి మీది బంధాన్ని మెల్లగా విడిపించుకోవడమే శోకం చేసే పని అని 1917లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ రాశాడు. ఆ బంధం తెగనక్కరలేదని, రూపు మార్చుకుని కొనసాగుతుందని 1990లలో మరికొందరు పరిశోధకులు వాదించారు. నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం, ఆపైన ఏటేటా తద్దినం పెట్టుకునే ఇళ్లలో ఆ రెండో మాట ఎవరికీ వింతగా తోచదు. నాకు వింతగా తోచేది, ఆ మాసికానికే వచ్చి, భోజనం చేసి, చేయి కడుక్కుంటూ "ఇక మరిచిపోమ్మా" అని చెప్పి వెళ్లేవారి తీరు.

సమయం అయిపోవచ్చింది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. కొందరికి ఈ రాకపోకలు ఆగిపోతాయి, ఆటో ఒకవైపే నిలిచిపోతుంది. నెలలు గడిచినా దాదాపు రోజూ అదే తీవ్రతతో తపన, తానూ సగం చచ్చిపోయినట్టనిపించడం, తిండి, నిద్ర, పని సాగకపోవడం ఉంటే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక శోక రుగ్మత అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల వర్గీకరణ అందుకు కనీసం 6 నెలల గడువు పెట్టింది; అమెరికన్ మనోవైద్యులు 2022లో పెద్దలకు 12 నెలలని పెట్టారు. ఆ ఇంటి ఆచారాన్ని, సంస్కృతిని కూడా లెక్కలోకి తీసుకోవాలని రెండూ చెబుతాయి. దీనికి మాటలతో చేసే ప్రత్యేక చికిత్స ఉంది. చనిపోవాలనిపిస్తే మాత్రం ఏ గడువూ చూడకుండా ఆ రోజే ఎవరితోనైనా చెప్పాలి; కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. పిల్లల దుఃఖం గురించి విడిగా మరో వీడియో చేయాలి, అది ఇందులో ఇమడదు.

అత్త ఇప్పుడు కరెంటు బిల్లు మీద ఒడియాలో నెల పేరు, అంకెలు చదువుతోంది. మామయ్య నంబరు గడువు రేపటితో ముగుస్తుంది. ఆమెకు యాప్ వాడడం ఇంకా రాదు కనుక, కెమెరా ఆపి నేను ముందుగా ఆ రీచార్జి చేయాలి.