గది దాటి వెళ్లే హక్కు, గదిలోనే ఉండే హక్కు

శ్రోతలకు నమస్కారం.

ఐర్లండ్‌లో ప్రాథమిక పాఠశాలలు మూడు వేలకు పైగా ఉన్నాయి. వాటిలో ఉపాధ్యాయులకు జీతాలిచ్చేది ప్రభుత్వం, పాఠ్యప్రణాళిక నిర్ణయించేది ప్రభుత్వం, తనిఖీకి వచ్చేది ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు. అయినా ఇంచుమించు పదింట తొమ్మిది బడులు క్యాథలిక్ చర్చి ఆధ్వర్యంలో నడుస్తాయి. మన ఎయిడెడ్ పాఠశాలలను ఎరిగినవారికి ఈ ఏర్పాటు వింతగా తోచదు. కాకపోతే మన దగ్గర ఎయిడెడ్ బడి నచ్చనివారికి అదే ఊళ్లో మండల పరిషత్ బడి ఉంటుంది. అక్కడ చాలా ఊళ్లలో ఉన్నది ఆ ఒక్క బడే. అటువంటి దేశంలో, ఏ మతం పిల్లలనైనా, ఏ మతమూ లేని ఇంటి పిల్లలనైనా సమానంగా చేర్చుకునే పాఠశాలలు ఎలా పుట్టాయో, వాటికి ఏ అడ్డంకులు వచ్చాయో ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను.

నిజానికి అన్ని మతశాఖల పిల్లలూ కలిసి చదవాలన్న ఆలోచన అక్కడ కొత్తది కాదు. 1831లో, ఆ దేశం బ్రిటిష్ పాలనలో ఉన్నప్పుడు, ఐర్లండ్ వ్యవహారాలు చూసే ఎడ్వర్డ్ స్టాన్లీ అనే బ్రిటిష్ మంత్రి రాసిన ఒక లేఖతో జాతీయ పాఠశాలల వ్యవస్థ మొదలైంది. క్యాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ చదువు ఒకేచోట నేర్చుకోవాలి, మతబోధ మాత్రం వేరు వేళల్లో ఎవరిది వారికి జరగాలి, ఇదీ ఆ లేఖలోని ఉద్దేశం. చర్చిలకు ఇది రుచించలేదు. ఆ శతాబ్దం ముగిసేసరికి ఆచరణలో ఏ శాఖ బడి ఆ శాఖదైపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అదే పద్ధతి గట్టిపడింది. అన్ని పాఠ్యాంశాలలోకి మతబోధే ముఖ్యమని 1965 నాటి నిబంధనలు చెప్పేవి. 2016లో గాని ఆ నిబంధన రద్దు కాలేదు.

మరి వేరే మతం పిల్లల మాటేమిటని మీరు అడగవచ్చు. ప్రభుత్వ ధనం పొందే ఏ పాఠశాలలోనైనా మతబోధకు హాజరు కాకుండానే చదువుకునే హక్కు పిల్లలకు ఉందని 1937 నాటి ఐర్లండ్ రాజ్యాంగం 44వ అధికరణం హామీ ఇచ్చింది. మన రాజ్యాంగం 28వ అధికరణంలోని మూడవ భాగం కూడా ఇంచుమించు ఇదే మాట చెబుతుంది: ప్రభుత్వ గుర్తింపుగాని సహాయంగాని పొందిన విద్యాసంస్థలో ఎవరినీ వారి సమ్మతి లేకుండా, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకు గాని ఆరాధనకు గాని హాజరు కమ్మని నిర్బంధించరాదు. విశ్వాసం కారణంగా పిల్లలు బడిలో వేరుగా నిలబడవలసి వచ్చినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న మన సుప్రీంకోర్టుకు మరో రూపంలో వచ్చింది. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు తోబుట్టువులు జాతీయగీతం పాడేవేళ అందరితోపాటు గౌరవంగా లేచి నిలబడేవారు గాని, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కారు. వారిని బడి నుంచి పంపేశారు. 1986లో తీర్పు చెబుతూ, వారిని తిరిగి చేర్చుకోవాలని ఆదేశించిన న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువారే. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం సహనాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయవద్దు అన్నారాయన ఆ తీర్పు చివర.

అయితే ఈ రాజ్యాంగ హామీలు రెండూ ఇచ్చేది తప్పుకునే హక్కును. తప్పుకున్న బిడ్డ ఆ సమయంలో ఎక్కడ కూర్చోవాలో అవి చెప్పవు. ఐర్లండ్ ప్రాథమిక తరగతుల్లో మతబోధకు చాలాకాలం రోజుకు అరగంట కేటాయించారు. విడిగా చూసుకోవడానికి మరొక టీచరు ఉండరు కనుక, వద్దన్న పిల్లవాడు సాధారణంగా అదే గదిలో వెనక బల్ల మీద కూర్చుని ఏ బొమ్మకో రంగులు వేసుకుంటాడు. పాఠం మాత్రం చెవిన పడుతూనే ఉంటుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలుండే రెండో తరగతిలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆ ఏడాది తరగతి అంతా ప్రథమ పరమప్రసాదానికి, అంటే చర్చిలో పవిత్రమైన అప్పాన్ని మొదటిసారి స్వీకరించే క్యాథలిక్ సంస్కారానికి, సిద్ధమవుతుంది. పాటలు, ప్రార్థనలు, చర్చిలో రిహార్సళ్లు నెలల తరబడి సాగుతాయి. చివరకు ఒక శనివారం ఆడపిల్లలు తెల్లని గౌన్లతో, మగపిల్లలు సూట్లతో ఊరేగింపుగా చర్చికి వెళతారు. బంధువులు ఇచ్చిన డబ్బు ఎవరికెంత వచ్చిందో సోమవారం బడిలో లెక్కలు జరుగుతాయి. ఆ లెక్కల్లో చేరలేని బిడ్డకు రాజ్యాంగంలోని 44వ అధికరణం ఏం ఓదార్పునిస్తుంది?

ఎవరూ గది దాటనక్కరలేని బడి కావాలని డబ్లిన్ దగ్గరి డాల్కీలో కొందరు తల్లిదండ్రులు పట్టుబట్టారు. 1978లో డాల్కీ స్కూల్ ప్రాజెక్టు పేరుతో బడి తెరిచారు. అటువంటి బడులన్నీ కలిసి ఏర్పరచుకున్న సంస్థే ఎడ్యుకేట్ టుగెదర్. ఇప్పుడు దాని ప్రాథమిక పాఠశాలలు నూటికి దగ్గరగా ఉన్నాయి. వాటిలో యూనిఫాం సాధారణంగా ఉండదు. పిల్లలు టీచర్లను పేరు పెట్టి పిలుస్తారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు వింటే ముక్కున వేలేసుకుంటారనుకోండి. అక్కడ మతం ఊసే ఎత్తరనుకుంటే పొరపాటు. దీపావళి ఎందుకు చేస్తారు, రంజాన్ ఉపవాసమంటే ఏమిటి, దేవుడున్నాడని నమ్మనివారు మంచిచెడులను ఎలా నిర్ణయించుకుంటారు వంటి విషయాలను అందరికీ కలిపి పాఠంగా చెబుతారు. ఇది నిజం, నమ్మండి అని మాత్రం ఏ ఒక్కదాని గురించీ చెప్పరు. ఏదైనా మతం తల్లిదండ్రులు తమ పిల్లలకు ఆ మతబోధ కావాలనుకుంటే, బడి వేళలు ముగిశాక అదే భవనంలో ఏర్పాటు చేసుకోవచ్చు. స్టాన్లీ లేఖలోని ఆలోచన నూటయాభై ఏళ్ల తర్వాత ఇలా ఆచరణలోకి వచ్చింది.

ఇటువంటి బడులు తక్కువైతే ఏమవుతుందో 2007లో డబ్లిన్‌కు ఉత్తరాన ఉన్న బాల్‌బ్రిగన్ పట్టణం చూసింది. జనాభా వేగంగా పెరిగి బడుల్లో సీట్లు చాలలేదు. సీట్లు చాలనప్పుడు తమ మతం పిల్లలకు ముందు అవకాశం ఇచ్చుకునే వెసులుబాటు చట్టం బడులకు ఇచ్చింది కనుక, జ్ఞానస్నానం, అంటే బాప్టిజం, పొందినట్టు పత్రం ఉన్నవారు చేరిపోయారు. లేనివారు మిగిలిపోయారు. సెప్టెంబరులో వారికోసం ఎడ్యుకేట్ టుగెదర్ హడావుడిగా ఒక బడి తెరిస్తే, దానిలో చేరిన పిల్లలు దాదాపు అందరూ ఆఫ్రికా నుంచి వలస వచ్చిన కుటుంబాలవారే అయ్యారు. నల్లజాతి పిల్లలను వేరుచేయాలని ఎవరూ అనుకోలేదు, కాని కాగితం మీద నిర్దోషంగా కనిపించే నిబంధన ఆ పనే చేసింది. దాన్ని సవరించడానికి మరో పదకొండేళ్లు పట్టడం క్షమించరాని జాప్యమని నా అభిప్రాయం. 2018 చట్టం వచ్చాకే క్యాథలిక్ ప్రాథమిక పాఠశాలలు జ్ఞానస్నానం చూసి సీటు ఇవ్వడం ఆగింది. చిన్న మతశాఖల బడులకు మాత్రం పరిమితమైన మినహాయింపు మిగిలింది.

2022 జనాభా లెక్కల్లో తాము క్యాథలిక్కులమని చెప్పినవారు 69 శాతం, ఏ మతమూ లేదన్నవారు 14 శాతం. బడుల లెక్కకూ జనం లెక్కకూ పొంతన లేదని ప్రభుత్వానికీ తెలుసు, బిషప్పులూ ఒప్పుకుంటారు. అన్ని మతాలవారికీ చెందే ప్రాథమిక పాఠశాలలను 2030 నాటికి 400 చేయాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. కాని భవనాలూ స్థలాలూ ఎక్కువగా చర్చివే కావడంతో, ఉన్న బడి చేతులు మారాలంటే యజమాని ఒప్పుకోవాలి, ఊరి తల్లిదండ్రులూ సరేననాలి. 2019లో డబ్లిన్ ఉత్తర శివార్లలో ఈ చర్చ వచ్చినప్పుడు, బడి మారితే క్రిస్మస్ పండుగ ఉండదని కొన్ని బడుల నుంచి ఇళ్లకు ఉత్తరాలు వెళ్లాయి. అన్ని మతాల బడుల్లోనూ క్రిస్మస్ చేస్తూనే ఉన్నా, ఆ భయం మాత్రం గట్టిగా నాటుకుంది. అందుకే ఈ బడులు పాత ఊళ్లలో కన్నా కొత్తగా కట్టిన కాలనీలలో ఎక్కువగా వస్తున్నాయి. డబ్లిన్ పశ్చిమ శివార్లలోని లూకన్, ఆడమ్స్‌టౌన్ వంటి చోట్ల స్థిరపడిన మనవాళ్లకు ఇంటి దగ్గరే ఇటువంటి బడి దొరుకుతోంది. ఉద్యోగరీత్యా ఏ పల్లె ఆసుపత్రికో వెళ్లిన నర్సుకో డాక్టరుకో మాత్రం ఊరి చర్చి బడే గతి. చేర్చేటప్పుడు మతబోధ వద్దని రాసివ్వవచ్చు. మతబోధ వేళ మా బిడ్డను ఎక్కడ కూర్చోబెడతారని ఆ రోజే ప్రధానోపాధ్యాయుడిని అడిగి, జవాబు తెలుసుకోవడం మంచిది.