గాజు చల్లగానే ఉంది, మరి గుడ్డ ఎలా కాలింది?

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్ తీసుకుందాం. చెప్పండమ్మా, మాస్టారు వింటున్నారు.

శ్రోత: నమస్కారం మాస్టారూ. కిటికీ పక్కన టేబుల్ మీద గుండ్రటి గాజు పేపర్‌వెయిట్ పెట్టాం. దాని పక్కనే టేబుల్ క్లాత్ మీద సన్నగా, వంపుగా కాలిన గీత కనపడింది. అగ్గిపెట్టెతో ఆడావని మా బాబుని కోప్పడ్డాను. వాడేమో ముట్టుకోలేదని ఏడుస్తున్నాడు. టెన్షన్‌గా ఉందండీ.

మాస్టారు: బాబు నిజమే చెప్తున్నాడమ్మా. ముందు ఆ గోళాన్ని ఎండ తగలని చోటికి మార్చండి. ఇప్పుడే. మేం లైన్లోనే ఉంటాం.

శ్రోత: ...మార్చానండీ. కానీ అది చల్లగానే ఉంది!

మాస్టారు: ఉంటుందమ్మా. గాజు వేడిని పుట్టించదు. వెడల్పుగా పడుతున్న ఎండని వంచి ఒక చుక్క మీదకు పోగేస్తుంది. కాంతి దాదాపు అంతా గాజుని దాటి వెళ్ళిపోతుంది కాబట్టి గాజు చల్లగా ఉంటుంది, కాంతిని పీల్చుకున్న గుడ్డ కాలుతుంది. క్లాత్ ముదురు రంగుదా?

శ్రోత: అవునండీ, నల్లటి నీలం.

మాస్టారు: అందుకే అంత తొందరగా కాలింది. తెల్లది చాలా కాంతిని తిప్పి కొడుతుంది. 10 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల నాభ్యంతరం (అంటే అద్దం నుంచి ఎండ చుక్కగా చేరే చోటికి ఉన్న దూరం) ఉన్న భూతద్దాన్ని తీసుకోండి. నడినెత్తి ఎండలో దాని మీద పడేది సుమారు 8 వాట్లే. కానీ అదంతా 2 మిల్లీమీటర్ల చుక్కలోకి చేరుతుంది, అంటే వైశాల్యం 2,500 రెట్లు తగ్గింది. ఆ చుక్క మరేదో కాదు, సూర్యుడి బొమ్మే.

గోళానికి నాభి, అంటే ఎండ చుక్కగా చేరే చోటు, ఇంకా దగ్గర. 8 సెంటీమీటర్ల గాజు గోళమైతే, వెనక అంచు నుంచి 2 సెంటీమీటర్ల దూరంలోనే.

శ్రోత: మరి వంపు గీత ఎందుకండీ?

మాస్టారు: ఎంత మంచి ప్రశ్న అడిగారమ్మా! సూర్యుడు ఆకాశంలో కదులుతుంటే చుక్క కూడా గుడ్డ మీద కదిలింది. వాతావరణ కేంద్రాల్లో ఎండ ఎన్ని గంటలు కాసిందో కొలిచే పాత పరికరం ఒకటి పని చేసేది సరిగ్గా ఇలాగే. గాజు గోళం వెనక అట్ట ముక్క పెడతారు, ఎండ ఉన్నంతసేపూ అట్ట మీద గీత కాలుతుంది, మబ్బు పడితే ఆగిపోతుంది. ఆ పరికరాన్ని 1853లో క్యాంప్‌బెల్ అనే ఆయన మొదలుపెట్టాడు, 1879లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త మెరుగుపరిచాడు. మీ గుడ్డ మీదున్నదీ అలాంటి రికార్డే.

శ్రోత: నీళ్ళ సీసాలతో కూడా ఇలా అవుతుందా?

మాస్టారు: నీళ్ళు నింపిన గుండ్రటి పారదర్శక సీసా అయినా, ముఖాన్ని పెద్దగా చూపించే పుటాకార అద్దం అయినా ఇదే పని చేయగలవు. కిటికీ దగ్గర, కాగితాల పక్కన ఉంచకండి. బాబు భూతద్దంతో చూద్దామంటే మీరు పక్కనుండండి. దానిలోంచి సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ చూడనివ్వకండి, కంటి లోపల వెనకవైపు ఉండే రెటీనా అనే పొర కాలిపోతుంది.

శ్రోత: అలాగే మాస్టారూ. ముందు వెళ్ళి వాణ్ణి దగ్గరకు తీసుకుంటాను.