టవర్లు ఎవరివైతేనేం?

అందరికీ నమస్కారం. ఎయిర్‌టెల్ సునీల్ మిట్టల్ గురించి మాట్లాడితే పిల్లలకు స్ఫూర్తిగా ఉంటుందన్నారు ప్రిన్సిపాల్ గారు. స్ఫూర్తి సంగతి తర్వాత, ముందు ఆయన వేసిన లెక్క చూద్దాం.

చిల్లిగవ్వ లేకుండా మొదలైన కథ కాదిది. తండ్రి సత్‌పాల్ మిట్టల్ పంజాబ్ నుంచి రాజ్యసభ సభ్యుడు. 1976లో లూథియానాలో సైకిల్ విడిభాగాల తయారీకి పెట్టిన 20 వేల రూపాయలు ఆయన దగ్గర అప్పు తెచ్చుకున్నవే. తర్వాత జపాన్ జనరేటర్లు తెప్పించి అమ్మారు. బేరం జోరుగా సాగుతుంటే 1983లో ప్రభుత్వం ఆ దిగుమతులు ఆపేసింది. దుకాణం బంద్! అప్పుడు తైవాన్ బటన్ల ఫోన్ మీద కన్ను పడింది. మన ఇళ్లలో ఇంకా వేలు పెట్టి తిప్పే డయల్ ఫోన్లే ఉన్న రోజులు. అలా వచ్చిందే బీటెల్ అనే ఫోన్ల బ్రాండు.

1992లో మొబైల్ లైసెన్సులకు టెండర్లు పిలిచారు. టెలికం అనుభవం ఉండాలన్నది షరతు. అందుకు ఫ్రెంచి కంపెనీని కలుపుకున్నారు. 1995లో ఢిల్లీలో ఎయిర్‌టెల్ మొదలైంది. నిమిషానికి దాదాపు 16 రూపాయలు, మనకు వచ్చిన కాల్‌కి కూడా బిల్లే! మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టేసేవాళ్లు ఊరికే పుట్టలేదు. 1999లో ఇక్కడ మొబైల్ సేవలు నడుపుతున్న జేటీ మొబైల్స్‌ను కొని మన ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చారు.

అసలు విషయం 2004లో ఉంది. కనెక్షన్లు ఎగబాకుతున్నాయి, ఎప్పటికప్పుడు కొత్త పరికరాలు కొనాలి. అమ్మేవాడికి పెట్టెలు ఎక్కువ అమ్ముడుపోవాలి, కొనేవాడికి తక్కువతో పని జరగాలి. ప్రతిసారీ బేరాల టెన్షనే. మిట్టల్ ఏం చేశారంటే, నెట్‌వర్క్ కట్టడం, నడపడం ఆ పరికరాలు అమ్మే ఎరిక్సన్, నోకియా, సీమెన్స్‌లకే అప్పగించారు. పెట్టెకింత అని కాదు, వాడుకున్న కెపాసిటీకే డబ్బు. దాన్ని ఎర్లాంగ్‌లలో కొలుస్తారు, అంటే లైన్లు ఎంతసేపు మాటలతో నిండి ఉన్నాయో చెప్పే కొలత. ఖాళీగా పడి ఉన్న పెట్టె భారం ఇక అమ్మినవాడిదే. కంప్యూటర్ పనులు ఐబీఎంకి, అదీ ఆదాయంలో వాటా పద్ధతిన. టెలికం కంపెనీకి ప్రాణం నెట్‌వర్కే అని అందరూ నమ్మే కాలంలో ఈ పని చెయ్యడానికి గుండె ధైర్యం కావాలి. కస్టమరు, బ్రాండు, రేట్లు మాత్రం తన చేతిలోనే ఉంచుకున్నారు. 2007లో పోటీదారులైన వొడాఫోన్, ఐడియాలతో కలిసి, టవర్లు ఉమ్మడిగా వాడుకోవడానికి ఇండస్ టవర్స్ అనే కంపెనీ కూడా పెట్టారు. బజార్లో కొట్లాట, టవర్ మీద కాపురం!

నా లెక్కలో ఆయన గొప్పతనం కంపెనీ పెట్టడంలో కన్నా, ఏది వదిలెయ్యాలో తెలియడంలో ఉంది.

అయితే ఖర్చు తగ్గించుకుని, రేటూ తగ్గించే ఈ సూత్రం అన్నిచోట్లా పారలేదు. 2010లో 1070 కోట్ల డాలర్లకు కువైట్ టెలికం సంస్థ జైన్ (Zain) ఆఫ్రికా వ్యాపారాన్ని, 15 దేశాల్లో ఉన్నదాన్ని, కొన్నారు. ఇక్కడ రేటు తగ్గిస్తే జనం గంటలు గంటలు మాట్లాడారు. అక్కడ రేటు తగ్గించినా మాటలు ఆ స్థాయిలో పెరగలేదు. దేశానికో చట్టం, దేశానికో కరెన్సీ. ఏళ్ల తరబడి నష్టాలు. అక్కడ నిలదొక్కుకోవడానికి ఫోన్‌లో డబ్బు పంపుకునే ఎయిర్‌టెల్ మనీ బాగా ఉపయోగపడింది. 2019లో ఎయిర్‌టెల్ ఆఫ్రికా షేరు లండన్ మార్కెట్‌కి ఎక్కింది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. జియో గురించి కూడా అడగొచ్చు, నేనేమీ అనుకోను.